మోటారు సైకిలు వెనుక కట్టు చవుక ట్రాలీ

కొంతకాలముగా మన సంఘ సభ్యులలో పలువురు మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు. ఇంట మోటారు సైకిలు ఉన్నది గదా, దాని వెనుక చిన్న ట్రాలీ యొకటి కట్టుకొనినచో తోటలోని సరకు రోడ్డు చేర్చుటకు అగు కూలి మిగులదా యని వారి ఆలోచన. ఆలోచన మంచిదే. ఐనను ఇందులో డబ్బు మిగుల్చుకొనదగిన చోట్లు కొన్ని, మిగుల్చుకొనరాని చోట్లు కొన్ని కలవు. మేము ఒక ట్రాలీని చేయించి, దానిని చెడగొట్టుకొని, మరల చేయించిన పిమ్మట తెలిసికొనిన సంగతులను సభ్యుల యెదుట పెట్టుచున్నాము.

విశాఖపట్టణమునకు ఉత్తరమున ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్టణము మండలములలో కూరలు, ఆకుకూరలు, పూలు పండించు చిన్న రైతులు చాలమంది యున్నారు. 1999 లో రైతు బజారులు ఏర్పడినది మొదలు పట్టణములో తామే అమ్ముకొను వీలు వీరికి కలిగినది. తెల్లవారక మున్నే ఆటోలో సరకు పట్టణమునకు పోవును. కాని ఆ ఆటో తోటలోనికి రాదు. గోస్తనీ తీరపు ఇసుక దారులలో దిగబడును. కావున మడి నుండి రోడ్డు వరకు గల అర కిలోమీటరో, కిలోమీటరో దూరము నేటికిని కావడి మీదను, ఆడువారి తలల మీది గంపలలోను గడచుచున్నది. ఎంతటి మంచి రోడ్డు వేసినను రైతు భుజము ఈ చివరి దూరమునకే అరుగుచున్నది. కొందఱు మోటారు సైకిలు వెనుక సీటు మీదనే రెండు బస్తాలు అడ్డముగా కట్టి తెచ్చుచున్నారు. అట్లు తెచ్చువాని ముందు చక్రము నేలను సరిగా అంటదు. హ్యాండిలు తేలిపోవును. ఇది అందఱికిని తెలిసినదే. ఐనను మానినవారు తక్కువ.

కొలతలకు పూర్వము చట్టమును చెప్పవలసియున్నది. ఏలయన, ట్రాలీ చేయించిన తరువాత చట్టము తెలియుట కంటె ముందు తెలియుట చవుక. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము మోటారు వాహనముచే లాగబడు బండి యెల్ల ట్రెయిలరే. వాహనమునకు వలెనే దానికిని రిజిస్ట్రేషను కావలెను. అది లేక ప్రజాస్థలమున నడుపుట నేరము. ప్రజాస్థలమనగా జాతీయ రహదారి మాత్రమే కాదు. ప్రజలకు పోవు హక్కుగల ప్రతి దారియు, ఊరి డొంకయు అందులోనికి వచ్చును. మన ఊరి వెల్డింగు కొట్టులో చేసిన ట్రాలీకి రిజిస్ట్రేషను సులువుగా దొరకునని ఎవ్వరును నమ్మరాదు. రవాణా కార్యాలయములో ముందుగా అడిగి, వారి మాట తెలిసికొనిన పిమ్మటనే రోడ్డు సంగతి తలపెట్టవలెను. ఇంకొక సంగతి. రిజిస్ట్రేషను లేని ట్రాలీ ఒకనికి తగిలి కాలు విఱిగినచో, మోటారు సైకిలునకు భీమా యున్నదను ధైర్యము పనికిరాదు. ట్రాక్టరునకు భీమా యుండి వెనుక తొట్టికి లేకపోవుటచే న్యాయస్థానములకు ఎక్కిన తగవులు మన దేశమున పెక్కు కలవు. నష్టపరిహారము భూమి అమ్మి కట్టవలసివచ్చిన నాడు ట్రాలీ మిగిల్చిన కూలి యేపాటి?

అట్లైన ట్రాలీ దేనికి అందురేమో. తోట లోపలికి, మన సొంత భూమిలోని దారికి, కళ్ళమునకు, సంఘపు ఆవరణకు. రోడ్డు అంచు వరకు మోటారు సైకిలుతో వచ్చి, అక్కడ దానిని విప్పి, నొగకు అడ్డకఱ్ఱ తగిలించినచో అదియే తోపుడు బండి యగును. చేతితో లాగి రోడ్డు దాటించి ఆటో యొద్దకు చేర్చవచ్చును. మేము మా ట్రాలీని ఈ రెండు పనులకును తగినట్లుగానే చేయించితిమి. పైన చెప్పిన చివరి దూరమునకు ఇంతకంటె అక్కఱ లేదు.

ఇక బరువు మాట. ఇక్కడనే సభ్యుల ఆశ కొంత తగ్గవలసియున్నది. బ్రిటనులో మోటారు సైకిలు వెనుక ట్రాలీ కట్టుటకు చట్టము అనుమతించుచున్నది. కాని షరతులు చూడుడు. ఇంజను 125 సి.సి. కు మించియుండవలెను. ట్రాలీ వెడల్పు ఒక మీటరు దాటరాదు. సరకుతో కలిపిన ట్రాలీ బరువు, మోటారు సైకిలు బరువులో మూడింట రెండు వంతులు గాని 150 కిలోలు గాని, ఏది తక్కువయో అంతకు లోబడియుండవలెను. మన ఊళ్ళలో నడచు 100 సి.సి. బండ్లు రమారమి 110 కిలోలు తూగును. ఆ లెక్కకు మూడింట రెండు వంతులు 73 కిలోలు. నిజమునకు ఆ దేశపు నియమము ప్రకారము మన బండ్లు ట్రాలీని లాగనే రాదు. మేము ఆ 73 కిలోలనే పై హద్దుగా పెట్టుకొంటిమి. ట్రాలీ వట్టిది 38 కిలోలు తూగినది. మిగిలినది 35 కిలోలు.

ముప్పదియైదు కిలోలకా ఇంత శ్రమ యని నవ్వకుడు. కావడి మోయువాడు మోయునది ఇంచుమించుగా అంతయే. అది భుజము మీద. ట్రాలీ బరువునకు కాదు, చోటు ఆక్రమించు సరకునకు. తోటకూర, పాలకూర, కొత్తిమీర కట్టలు, బంతిపూలు, పశువుల గడ్డి, డ్రిప్పు గొట్టములు, మందు కొట్టు పంపు — ఇవి తూకమునకు తక్కువ, చోటునకు ఎక్కువ. వీనిని మోటారు సైకిలు మీద కట్టుటకు వీలు కాదు. ట్రాలీలో చక్కగా ఇముడును. వంకాయలు, దోసకాయలు, కొబ్బరికాయలు ఐనచో రెండు మూడు విడతలుగా తెచ్చుకొనవలెను. చదునైన తోటలో, మనిషి నడక వేగమున, మేము 60 కిలోల వరకు వేసి చూచితిమి. అంతకు మించి వేయలేదు, వేయము.

ధరలు నెలకొక తీరున మారుచుండును గనుక రూపాయలు చెప్పుట లేదు. కిలోలు చెప్పెదము, ఆనాటి ధరతో ఎవరికి వారు గుణించుకొనవచ్చును. పెట్టె పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 60. చట్రమునకు 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టము, 2 మిల్లీమీటర్ల మందము గలది, అడ్డపట్టీలతో కలిపి 5.4 మీటర్లు పట్టును. అది మీటరునకు 1.44 కిలోలు తూగును గనుక సుమారు 8 కిలోలు. నొగకు 40 మిల్లీమీటర్ల చదరపు గొట్టము 4 కిలోలు. నొగకును చట్రమునకును నడుమ ఏటవాలు ఆనికలు 2 కిలోలు. ఇరుసునకు 25 మిల్లీమీటర్ల గుండ్రని నునుపు కడ్డీ 3 కిలోలు. కొక్కెపు కీలు 3 కిలోలు. రెండు చక్రములు టైర్లతో 12 కిలోలు. అడుగు చెక్క 6 కిలోలు. చెక్కకు బదులు వెదురు తడిక వేసినచో నాలుగు కిలోలు తగ్గును. ఆ నాలుగు కిలోలు సరకునకు వచ్చును. పక్కలకు ఇనుము అక్కఱలేదు. మన మేదరులు అల్లిన తడికలే చాలును. చవుక చేసికొనదగిన చోటు ఇదియే.

చక్రములకు గాజువాక ఆటోనగరులోను, పాత ఇనుము కొట్లలోను పాత స్కూటరు చక్రములు దొరకును. పది అంగుళముల రేకు చక్రములు ఈ పనికి మేలు. మోటారు సైకిలు ఊచల చక్రము చూపునకు పెద్దదిగా నున్నను, అది ప్రక్కకు ఒరుగుచు నడచునట్లు చేయబడినది. రెండు చక్రముల ట్రాలీ ఒరగదు. మలుపులో బరువంతయు ప్రక్క నుండి త్రోయును. ఆ త్రోపునకు ఊచలు వదులగును. రెండు చక్రములును ఒకే కొలతవిగా, ఒకే గాలితో ఉండవలెను. మొత్తము వెడల్పు మోటారు సైకిలు హ్యాండిలును మించనిచో, ముందు హ్యాండిలు దూరిన సందున వెనుక ట్రాలీయు దూరును. మలుపులలో మాత్రము ట్రాలీ లోపలి వైపునకు కోసికొనివచ్చును. గట్టు మొన మీద చక్రము ఎక్కకుండ కొంచెము వెడల్పుగా తిప్పవలెను.

ఇరుసును ఎక్కడ పెట్టవలెనన్నది ఎడ్ల బండి తోలిన ప్రతి రైతునకును తెలిసిన విద్యయే. సరకు వెనుకకు ఎక్కువైనచో కాడి పైకి లేచి ఎద్దుల గొంతునకు పలుపు బిగియును. ముందునకు ఎక్కువైనచో మెడ మీద భారము పడును. కొలది బరువు కాడి మీద ఆని యుండవలెను. ట్రాలీకిని అంతే. నొగ కొన మీద మొత్తము బరువులో పదవ వంతు పడవలెను. 73 కిలోలకు ఏడు కిలోల చిల్లర. నొగ కొనను తూకపు కాటాతో ఎత్తి చూచినచో తెలిసిపోవును. కొక్కెము నుండి ఇరుసు వరకు 150 సెంటీమీటర్లు పెట్టితిమి గనుక, ఇరుసును పెట్టె నడిమికి సరిగా కాక 15 సెంటీమీటర్లు వెనుకకు జరిపితిమి. సరకు సమముగా పఱచినచో ముందు భారము దానంతట అదియే కుదురును. భారము వెనుకకు పోయిన ట్రాలీ వేగము కొంచెము పెరిగిన వెంటనే పాము తోకవలె ఇటునటు కొట్టుకొనును. దానితో మోటారు సైకిలును ఊగును. పడిన తరువాత కాని కారణము తెలియదు. సరకు జారకుండ నడుమ ఒక అడ్డుపలక వేసికొనవలెను.

ఇప్పుడు కొక్కెమును గూర్చి. మా మొదటి ట్రాలీ చెడినది ఇక్కడనే. ఒక వర్క్‌షాపులో చేయించితిమి. వారు మోటారు సైకిలు వెనుక క్యారియరునకు ఒక ఇనుప రేకు అతికి, దానికి రంధ్రము వేసి, ఇండ్ల కప్పులకు వేయు కడ్డీ ముక్క నొకదానిని చీలగా దింపిరి. చవుకయని మేమును సంతోషించితిమి. పది దినములు బాగుగనే నడచినది. పదునొకండవ దినమున ఏటి వైపు పల్లమున దిగుచుండగా చీల ఎగిరిపోయినది. నొగ నేల గ్రుచ్చుకొని, ట్రాలీ నొగ మీదుగా బోర్లపడి, వంగమడిలో దొర్లినది. అంతకు నిమిషము ముందు వరకు ఒక కుఱ్ఱవాడు దానిలో గంపల మీద కూర్చుండి యుండెను. నీరు త్రాగుటకు మోటారు పంపు వద్ద దిగినాడు. ఆ దినము తలచుకొనినచో ఇప్పటికిని మాకు గుండె దడ. వర్క్‌షాపు వారి తప్పు ఎంతయో, చూచి కూడ ఊరకున్న మా తప్పును అంతయే.

ఉక్కు పట్టణము ప్రక్కన నున్నవారము గనుక ఆ కడ్డీని గూర్చి రెండు మాటలు. మన విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20 న శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1 న అది జాతికి అంకితమైనది. కడ్డీలు, గుండ్రని నునుపు కడ్డీలు, కోణపు ఇనుము అన్నియు అందులో తయారగుచున్నవి. కడ్డీ ముక్కలు మన ఇండ్ల చుట్టును దొరకును గనుక ప్రతి పనికిని అవే అని అలవాటు పడితిమి. కాని కాంక్రీటు కడ్డీ కాంక్రీటులో నుండుటకే. కాలిన కడ్డీ పైపొరను నీటితో తటాలున చల్లార్చి గట్టిపఱతురు. లోపలి భాగము మెత్తగా నుండును. లేతు మీద నునుపు చేసినచో గట్టి పొర పోవును. వెల్డింగు మంట తగిలినచో ఆ గట్టిదనము తగ్గును. నునుపు చేయక అట్లే వాడినచో దాని మీది గరుకు గీతలు రంధ్రమును ఆకురాయివలె అరగదీయును. మా చీల ఎగిరిపోవుటకు కారణమదియే. రంధ్రము పది దినములలోనే కోడిగ్రుడ్డు ఆకారమైనది. చీలకును ఇరుసునకును నునుపు గుండ్రని కడ్డీ తప్ప వేఱొకటి వలదు.

రెండవసారి చేయించిన కొక్కెము ఇట్లున్నది. మోటారు సైకిలు మలుపులో ఒరుగును, ట్రాలీ ఒరగదు. గతుకులలో ఒకటి లేచినప్పుడు ఇంకొకటి దిగును. దారి తిరిగినప్పుడు ఒకటి ముందు తిరుగును. కావున కీలునకు మూడు కదలికలు కావలెను: ప్రక్కలకు, పైకి క్రిందికి, తన చుట్టు తాను. ఎడ్ల బండికి మొదటి రెండు చాలును గనుక మన కమ్మరులు మూడవ దానిని మఱచిపోవుదురు. మూడవది లేనిచో మోటారు సైకిలును ఒరగనీయక ట్రాలీ పట్టి లాగును. మలుపు తిరుగబోయిన వాడు తిన్నగా కాలువలోనికి పోవును. పాత జీపు ప్రొపెల్లరు షాఫ్టు క్రాసు నొకదానిని పాత సామాను కొట్టులో కొంటిమి. అది మొదటి రెండు కదలికలను ఇచ్చును. మూడవ దానికి నొగ మొదట ఒక గొట్టములో లావు బోల్టును నిలువునా పొడుగున దూర్చి, రెండు వైపుల వాషర్లు వేసి, గాళ్ళ నట్టు బిగించి, దానికి స్ప్లిట్ పిన్ను గ్రుచ్చితిమి. వారమునకు ఒకసారి గ్రీజు పెట్టవలెను.

మోటారు సైకిలు వైపున క్యారియరును ముట్టరాదు, మడ్గార్డును ముట్టరాదు. చాసిసు మీద నున్న గట్టి బోల్టు చోట్లకు రెండు ప్రక్కల నుండి లాడము ఆకారపు పట్టీ తెచ్చి బిగించవలెను. చాసిసునకు రంధ్రములు వేయుటయు, వెల్డింగు పెట్టుటయు కూడదు. అక్కడ విఱిగినచో మనిషే విఱుగును. కొక్కెము వెనుక చక్రపు ఇరుసు ఎత్తున, అనగా నేల నుండి అడుగు ఎత్తున నుండవలెను. ఎత్తుగా పెట్టినచో బ్రేకు వేసినప్పుడు ట్రాలీ ముందుకు త్రోసి మోటారు సైకిలు వెనుక చక్రమును తేల్చును.

మన ఓడరేవు 1933 లో తెఱవబడినది. అక్కడి నుండి పెట్టెలు మోయు పొడవు లారీలను అందఱును చూచియుందురు. వాని వెనుక బండికి గాలి బ్రేకులుండును. గొట్టము తెగి గాలి పోయినచో ఆ బ్రేకులు తమంతట తామే పట్టుకొనును. మన ట్రాలీకి అట్టి సౌకర్యము లేదు. ఉన్నది ఒక్క గొలుసు. నొగ నుండి చాసిసునకు, కొక్కెము క్రిందుగా, మలుపునకు చాలినంత వదులుగా, చీల ఊడినను నొగ నేల తగులనంత పొట్టిగా ఒక గొలుసు వేయవలెను. మా మొదటి ట్రాలీకి గొలుసు ఉండినచో వంగమడి వరకు పోవలసిన పని యుండెడిది కాదు.

బ్రేకు లెక్క కూడ తెలిసికొనుడు. మోటారు సైకిలు 110, మనిషి 65, మొత్తము 175 కిలోలు. అది 10 మీటర్లలో ఆగుచున్నదనుకొందము. 73 కిలోల ట్రాలీ చేర్చినచో 248 కిలోలు. అవే బ్రేకులకు ఆగుటకు 14 మీటర్లు కావలెను. వేగము రెట్టింపైనచో ఈ దూరము నాలుగింతలగును. పదింట ఒకటి పల్లమున ట్రాలీ ఏడు కిలోల బలముతో వెనుక నుండి నిలువకుండ త్రోయుచునే యుండును. అందుచే పల్లమునకు ముందే గేరు తగ్గించి దిగవలెను. ముందు బ్రేకును, వెనుక బ్రేకును కలిపి మెల్లగా వేయవలెను. తడి ఇసుక మీద ముందు బ్రేకు గట్టిగా పట్టరాదు. ఆపిన చోట చక్రము క్రింద రాయి పెట్టుట మఱువరాదు. ట్రాలీలో మనుష్యులు, ముఖ్యముగా పిల్లలు, ఎక్కరాదు. బడి పిల్లలకు ఇది ఆటబండివలె కనబడును, పెద్దలే అడ్డుపడవలెను.

సముద్రపు గాలికి మన ఇనుము ఇతర చోట్ల కంటె త్వరగా తుప్పు పట్టును. గొట్టముల కొసలు మూయించి, రెడ్ ఆక్సైడు రెండు పూతలు, పైన రంగు ఒక పూత వేయించవలెను. జింకు పూత గల నీటి గొట్టములు చేతనున్నవని వాడువారు, వెల్డింగు చేయు చోట ఆ పూతను రాచి తీసివేయవలెను. ఆ పొగ పీల్చిన వానికి రాత్రికి చలిజ్వరము వచ్చును.

గుజరాతు దేశపు అమ్రేలీ జిల్లాలో మన్సుఖ్‌భాయి జగానీ యను వ్యక్తి 1994 లో బుల్లెట్టు మోటారు సైకిలునకు వెనుక చక్రము తీసి రెండు చక్రముల చట్రము తగిలించి, దానితో దున్నుటకును కలుపు తీయుటకును ఏర్పాటు చేసెను. దానిని చూచి మన సభ్యులు కొందఱు ట్రాలీతోబాటు నాగలియు కట్టవచ్చునా యని అడిగిరి. వలదు. అది వేఱు పని. బండి స్వరూపమే మార్చిన పని. దాని ఇంజను మన 100 సి.సి. ఇంజను వంటిది కాదు.

ఒక్కొక్క రైతు ఒక్కొక్క ట్రాలీ చేయించుకొనుట దండుగ. దినమున అర్ధగంట పనికి అది మిగిలిన ప్రొద్దంతయు నిలిచియుండును. ఐదుగురు సభ్యులు కలిసి ఒకటి చేయించుకొనినచో చాలును. ఎవరి మోటారు సైకిలునకు వారు లాడపు పట్టీ మాత్రము వేయించుకొనవలెను. చీల కొలత అందఱికి ఒకటే, 16 మిల్లీమీటర్లు, అని మేము నిర్ణయించితిమి. ట్రాలీ ప్రక్కన దాని వట్టి బరువు రంగుతో వ్రాయించితిమి. కొత్తగా తీసికొనువాడు సరకు ఎంత వేయవచ్చునో తానే లెక్క చూచికొనును. తీసికొనువారు చీలను, స్ప్లిట్ పిన్నును, గొలుసును లెక్కపెట్టి పుస్తకములో వ్రాలు చేసి తీసికొనవలెను, అప్పగించునప్పుడును అట్లే. స్ప్లిట్ పిన్నులు ఒకసారి వంచి తీసినవి మరల వాడరాదు. సంఘపు బల్ల మీద డబ్బాలో కొత్తవి ఎల్లప్పుడు ఉండును.

రెండవ ట్రాలీ కొలతల పటము సంఘ కార్యాలయపు గోడకు తగిలించియున్నది. అరిగిన పాత చీలను కూడ దాని క్రిందనే మేకునకు వ్రేలాడదీసితిమి. మోటారు సైకిలు తెచ్చిన సభ్యునకు లాడపు పట్టీ కొలత అక్కడనే తీసి ఇయ్యబడును.